బాబాయి చనిపోయిన తేదీ

మా నాన్న ఒక్క రోజు కూడా సైన్యంలో పనిచేయలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆఫీసులో రికార్డు సెక్షన్ గుమాస్తాగా ఉండి 1998లో రిటైరయ్యాడు. తుపాకీ మాట అటుంచి, ఇంట్లో బల్లిని తోలాలన్నా అమ్మ రావలసిందే. అలాంటి మనిషికి యుద్ధాల పిచ్చి. ఏ దండు ఏ నదిని ఎక్కడ దాటింది, ఏ సేనాపతి ఏ కొండను వదిలేసి తప్పు చేశాడు, ఎవరు తిండి అందక ఓడిపోయారు, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నేను ఏ తరగతి చదువుతున్నానో మాత్రం ఏడాదికోసారి అడిగి తెలుసుకునేవాడు.

మాది గోదావరి వైపు. నాన్న ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక, అద్దె తక్కువని ఉప్పుగూడ స్టేషనుకు దగ్గరలో రెండు గదుల పోర్షన్ తీసుకున్నారు. తాత్కాలికంగా అనుకున్నది అలాగే ఉండిపోయింది. నేను అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ఛత్రినాకలో ఒక ప్రైవేటు బళ్ళో టీచరుగా చేరాను. నాకు పెళ్ళి కాలేదు. దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు.

పక్కిల్లు పాలు అమ్మే ఒక కుటుంబానిది. ఆ ఇంటి పెద్దాయనను నేను చిన్నప్పటి నుంచి కాకా అని పిలిచేదాన్ని. ఆయన పదిహేనేళ్ళు ఆర్మీలో డ్రైవరుగా పనిచేసి, తిరిగొచ్చి తండ్రి బర్రెల దగ్గర కుదురుకున్నాడు. నిజంగా యుద్ధం చూసిన మనిషి పక్కింట్లో ఉంటే నాన్న ఊరుకుంటాడా? పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ప్రశ్నలు వేసేవాడు. మీ దళం ఎడమ నుంచి వచ్చిందా, కుడి నుంచి వచ్చిందా అని అడిగితే, కాకా గడ్డిమోపు దించి కాసేపు ఆలోచించి, ముందు బండి ఎటు పోతే అటు పోయినమని చెప్పేవాడు. ఆ జవాబు నాన్నకు ఏ మాత్రం నచ్చేది కాదు. ఇంట్లోకి వచ్చి, యుద్ధంలో ఉన్నాడు గాని యుద్ధం తెలియదు పాపం అనేవాడు.

గురువారం వస్తే నాన్న పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజారుకు వెళ్ళేవాడు. పాత తాళాలు, విరిగిన ఫ్యాన్లు, ఎవరివో పెళ్ళిఫోటోల ఫ్రేములు నేలమీద పరిచి అమ్మే సంత అది. అక్కడ పాత పుస్తకాలు అమ్మే ఒక ముసలి సాయిబు నాన్న కోసం యుద్ధాల పుస్తకాలు తీసి పక్కన పెట్టేవాడు. ఎండాకాలం సెలవు రోజుల్లో కూలరు ముందు కూర్చుని నాన్న వాటిని చదివి, ముగ్గుపిండితో గచ్చు మీద సరిహద్దులు గీసి, చింతగింజలను దళాలుగా పేర్చేవాడు. మధ్యాహ్నం మూడింటికి అమ్మ చీపురు పట్టుకుని వచ్చేది. ఇదిగో ఊడ్చేస్తున్నాను, ప్రాణాలతో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే లేవమనండి అనేది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కానీ ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో మా ముగ్గురికీ తెలుసు. నాన్నకు ఒక తమ్ముడు ఉండేవాడు. నాకు బాబాయి అవుతాడు, కానీ నేను పుట్టకముందే పోయాడు. పద్దెనిమిదేళ్ళకు సైన్యంలో చేరాడు. పెద్ద యుద్ధానికి కొన్ని నెలల ముందు, ఎండాకాలంలో, పడమటి సరిహద్దు మీద ఎక్కడో జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. పెద్ద యుద్ధం మీద లావుపాటి పుస్తకాలు ఉన్నాయి. బాబాయి పోయిన ఆ కాల్పుల గురించి మంచి పుస్తకాల్లో నాలుగు వాక్యాలు, మిగిలినవాటిలో అవీ లేవు. ఆ నాలుగు వాక్యాల్లో ఐదోది వెతకడమే నాన్న చదువంతా.

ఐదో వాక్యంలో ఆయనకు కావలసింది తేదీ. ఎందుకు కావాలో చెప్పాలంటే మా అమ్మ పెళ్ళి దగ్గరికి వెళ్ళాలి.

అమ్మానాన్నల పెళ్ళి ఆ ఎండాకాలంలోనే వైశాఖ శుద్ధ దశమి నాడు జరిగింది. బాబాయికి సెలవు దొరకలేదు. ద్వాదశి నాడు అమ్మ మెట్టినింట్లో కుడికాలు పెట్టింది. ఆ తర్వాత వారం తిరగకుండా టెలిగ్రాం వచ్చింది. మీ అబ్బాయి మరణించాడని ఉంది గాని ఏ రోజో లేదు. కొన్నాళ్ళకు సైన్యం నుంచి ఒక ఉత్తరం కూడా వచ్చిందట. నాయనమ్మ దాన్ని విప్పకుండానే పొయ్యిలో పెట్టేసింది. తెలిసింది చాలు, ఇంకో కాగితం చదివించుకునే ఓపిక నాకు లేదు అందట. నాన్న అప్పటికే హైదరాబాదులో డ్యూటీలో చేరిపోయాడు. చనిపోయిన తిథి తెలియకపోతే ఆ నెల అమావాస్య నాడు తద్దినం పెట్టవచ్చని పురోహితుడు చెప్పాడు. అప్పటి నుంచి ఏటా వైశాఖ అమావాస్యకే.

తిథి తెలియకపోయినా, కారణం మాత్రం నాయనమ్మకు తెలిసిపోయింది. ఏ వేళ అడుగుపెట్టిందో గాని, అని మొదలుపెట్టేది. మిగతాది అనేది కాదు. అనవలసిన పని లేదు. ఆమె పోయాక ఆ మాట మా పెద్దత్తకు, అంటే నాన్న అక్కకు, వారసత్వంగా వచ్చింది. ప్రతి తద్దినానికీ పెద్దత్త రైల్లో వచ్చేది. అమ్మ మడికట్టుకుని, పొయ్యి సెగలో గారెలు వేసి, నువ్వులు దంచి, అరటికాయ కూర చేసి, భోక్తలుగా వచ్చిన బ్రాహ్మణులకు వడ్డించి, తర్వాత మా అందరికీ వడ్డిస్తుంటే, విస్తరి ముందు కూర్చుని పెద్దత్త ఆ మాట అనేది. నాన్న వినపడనట్టు పప్పు కలుపుకునేవాడు. నేను చిన్నప్పుడు నాన్నకు నిజంగానే వినపడలేదేమో అనుకునేదాన్ని. పెద్దయ్యాక అలా అనుకోవడం కుదరలేదు.

అమ్మ మాత్రం ఒక్కసారీ జవాబు చెప్పలేదు, ఒక్కసారీ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. బాబాయి ఊసు ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. రాయిలాంటి మనిషి అని పెద్దత్త దానికి కూడా ఒక మాట అనేది. నేనూ కొన్నేళ్ళు అలాగే అనుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని అనుకున్నాను.

1999 ఎండాకాలం, తద్దినం అయిన కొద్ది రోజులకే టీవీ నిండా కార్గిల్ వార్తలు మొదలయ్యాయి. నాన్నకు పూనకం వచ్చినంత పనైంది. జీవితంలో మొదటిసారి ఆయనకు తెలిసిన విషయం మీద లోకమంతా మాట్లాడుతోంది. సాయంత్రం వార్తలకు చుట్టుపక్కలవాళ్ళు కూడా మా ముందుగదిలో చేరేవాళ్ళు. నాన్న స్కేలు పట్టుకుని టీవీ పక్కన నిలబడి, ఏ శిఖరం ఎందుకు ముఖ్యమో చెప్పేవాడు. మా బళ్ళో నేను చెప్పే పాఠం కంటే ఆయన పాఠం శ్రద్ధగా వినేవాళ్ళు. కాకా గడప దగ్గరే నిలబడి చూసేవాడు. ఎవరైనా ఆయన్ని ఏమంటావని అడిగితే, అంత పైకి నీళ్ళు ఎట్ల మోస్తున్నరో అనేవాడు. పాలు పిండే వేళ కాగానే, దాడి సగంలో ఉన్నా సరే, వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు ఒక జవాను శవపేటికను వాళ్ళ ఊరికి తీసుకురావడం చూపించారు. నిన్న తెల్లవారుజామున చనిపోయాడని చెబుతున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "ఇప్పుడు పూట కూడా చెబుతున్నారు" అంది. చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. నాన్న మాత్రం స్కేలు దించేశాడు. ఆ తేదీ నాన్నకు ఎంత కావాలో అమ్మకూ అంతే కావాలని నాకు అప్పుడు తెలిసింది. పెళ్ళికి ముందు తేదీ అని తేలితే ఆమె మీద మాట పోతుంది. తర్వాత అని తేలితే ఇక ఎప్పటికీ పోదు. ఇది మూఢనమ్మకమని నాకు తెలుసు, నేను సైన్సు టీచర్ని. కానీ ఆ ఇంట్లో ముప్పై నాలుగేళ్ళుగా నడుస్తున్న కేసు అదే, సాక్ష్యం కూడా అదే.

కాకా గడప దగ్గర నుంచి ఇది చూశాడు. అందరూ వెళ్ళాక నాన్న దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగాడు.

"సార్, మీ తమ్ముని నంబర్ ఉన్నదా?"

ఏం నంబరని నాన్న అడిగాడు. ఆర్మీ నంబరని కాకా చెప్పాడు. బాబాయి రాసిన పాత కార్డులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి, వాటి మీద చిరునామాతో పాటు నంబరు కూడా ఉంది.

"గట్లయితే ఫికర్ ఏంది సార్? గా బుక్కులల్ల మాలాంటోళ్ళు ఉండరు. రికార్డాఫీసుకు నంబర్ రాసి పంపుర్రి, తారీఖు వాళ్ళే చెప్తరు. అడ్రసు నేను కనుక్కొస్త."

చెప్పినట్టే వారంలోపు, మాజీ సైనికులు ఎవరినో పట్టుకుని, అడ్రసు కాగితం మీద రాయించి తెచ్చాడు. నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జూన్ పోయింది. బోనాలు పోయాయి. వినాయకచవితి పోయింది. అడిగితే రాస్తానంటాడు. రికార్డు సెక్షన్లో ఒక జీవితకాలం పనిచేసిన మనిషికి, ఎవడు ఏ కాగితం అడిగినా ఏ అల్మైరాలో ఉందో చెప్పగల మనిషికి, తన తమ్ముడి కాగితం ఒక ఆఫీసులో ఉంటుందన్న సంగతి తోచలేదంటే నేను నమ్మను. తోచింది. అడగలేదు. సేనాపతులు రాసిన పుస్తకాల్లో వెతకడం ఎందుకు సుఖమంటే, అందులో దొరకదని ముందే తెలుసు.

సంక్రాంతి సెలవుల్లో నాకు ఓపిక పోయింది. నేనే దరఖాస్తు రాసి, నాన్న ముందు పెట్టి, సంతకం పెట్టమన్నాను. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి సంతకం పెట్టాడు. రిజిస్టరు పోస్టు నేనే చేశాను.

2000 ఏప్రిల్ చివర్లో, బళ్ళకు సెలవులిచ్చిన రెండో రోజు, జవాబు వచ్చింది. నాన్న సంతకం చేసి కవరు తీసుకుని ముందుగదిలో చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. మేము అడగలేదు. భోజనాల దగ్గర, పెరుగు కలుపుకుంటూ, ఎవరివైపూ చూడకుండా చెప్పాడు.

"తేదీ తెలిసింది. పెళ్ళికి రెండు రోజుల ముందే పోయాడు."

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నవ్వబోయి ఆపుకున్నట్టు అనిపించింది, చావు కబురుకు నవ్వకూడదు కదా. తర్వాత, ఆ కాగితం ఒకసారి చూస్తానంది. ఇంగ్లీషులో ఉందని నాన్న అన్నాడు. అమ్మాయి చదువుతుందిలెండి అని అమ్మ చెయ్యి చాపింది.

నాన్న లేచి వెళ్ళి కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. ఇస్తూ నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపు ఏమిటో కాగితం విప్పాక తెలిసింది. బాబాయి నంబరు, పేరు, దళం, చోటు, తేదీ ఉన్నాయి. తేదీ పెళ్ళికి రెండు రోజులు ముందు కాదు. రెండు రోజులు తర్వాత.

పుస్తకంలో ఒక తేదీ తప్పు పడితే ప్రచురించినవాళ్ళకు కార్డు రాసే మనిషి మా నాన్న. ఆయన అబద్ధం చెప్పాడు. దాన్ని నిలబెట్టాలంటే నేను ఒక్క అంకె మార్చి చదివితే చాలు. అమ్మ మీద మాట పోతుంది. దానికి బదులుగా బాబాయికి ఇక ఎప్పటికీ తప్పుడు తిథికే తద్దినం పెడతాం, అది తప్పని తెలిసి కూడా. నేను ఉన్నది ఉన్నట్టు చదివాను. నిజాయితీ అనుకోకండి. ఆ క్షణంలో నాకు వచ్చింది కోపం. ముప్పై ఐదేళ్ళు నోరు మెదపకుండా కూర్చుని, ఇప్పుడు అమ్మ చేతిలో ఒక దొంగ తేదీ పెట్టి దానితో సరిపెడతాడా అని.

అమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. దశమి పెళ్ళి, ఏకాదశి ప్రయాణం, ద్వాదశి.

"నేను మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు" అంది.

నాన్న చెయ్యి కంచంలోనే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పారని అమ్మ అడిగింది. నీ మీద మాట పోతుందని, అన్నాడు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదు, ఆ కాగితాల పని మీకు తెలియనిదా, అని అడిగింది.  పెళ్ళి తర్వాతి తేదీ అని వస్తే ఏం చెయ్యాలో తెలియక, అన్నాడు.

"అంటే మీరూ నమ్మారన్నమాట."

నాన్న లేదనలేదు. ఆ ఒక్కటీ అబద్ధం చెప్పలేకపోయాడు.

"మీకు తేదీ ఎందుకండీ? దానికీ దీనికీ ఏమిటమ్మా సంబంధం అని మీ అమ్మతో ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. ఇన్ని పుస్తకాలు చదవక్కర్లేదు."

అరవలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. కంచాలు తీసుకుని వెళ్ళి తోమడం మొదలుపెట్టింది. నాన్న ఎండిపోయిన చేతితో అలాగే కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలి వేసింది, కాదనను. కానీ వెళ్ళి ఓదార్చలేదు.

ఆ తర్వాత పదిహేను రోజులు ఇంట్లో మాటలు బాగా తగ్గిపోయాయి. కాఫీ, నీళ్ళు, కరెంటు పోయింది, వచ్చింది. గురువారం వచ్చినా నాన్న జుమేరాత్ బజారుకు వెళ్ళలేదు. సాయంత్రాలు పక్కింటి కొట్టంలో ఒక బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చునేవాడు. ఒకరోజు నేను పాలచెంబుతో వెళ్ళేసరికి, నాన్న కాకాకు అంతా చెప్పేసినట్టున్నాడు. కాకా బర్రె పొదుగు కడుగుతూ వింటున్నాడు. నీతో పనిచేసినవాళ్ళు పోయిన తేదీలు నీకు గుర్తున్నాయా అని నాన్న అడిగాడు.

"తారీఖులు యాదిలేవు సార్. ఒకడు పచ్చి ఉల్లిగడ్డ లేంది ముద్ద ముట్టకపోతుండె. గది యాదికున్నది. నా పెండ్లాం ఉల్లిగడ్డ కోసినప్పుడల్లా చెప్త నేను. ఆమె వాన్ని చూడనే లేదు, అయినా ఆమెకు కూడ వాడు ఎర్కే."

అని పాలు పిండడంలో పడిపోయాడు. నాన్న ఇంకేదో అడగబోయి మానేశాడు. ఇంటికి తిరిగొస్తూ గుమ్మం దగ్గర నాతో, మీ బాబాయి గురించి మీ అమ్మకు నేను ఏనాడూ ఏమీ చెప్పలేదే అన్నాడు. పెళ్ళయిన వారానికే వాడి పేరు ఎత్తితే తగువు అయిపోయింది, ఇక ఎక్కడ చెప్పను, అని కూడా అన్నాడు. ఇవి సాకులా, నిజాలా అని నేను తేల్చుకోలేకపోయాను. రెండూ కావచ్చు.

ఆ ఏటి తద్దినం ఏ రోజు పెట్టాలో తేలలేదు. పంచాంగం ముందు పెట్టుకుని నాన్న రెండు రోజులు కూర్చున్నాడు. ద్వాదశికి మారిస్తే పెద్దత్తకు కారణం చెప్పాలి, ఆవిడ చేతికి మంచి ఆయుధం ఇచ్చినట్టవుతుంది. అమావాస్యకే ఉంచితే తెలిసీ తప్పు చేసినట్టు. చివరికి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అమ్మనే అడిగాడు. అమ్మ మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తోంది, తల ఎత్తలేదు.

"ఆ అబ్బాయి పోయిన రోజే పెట్టండి. నా కోసం అతన్ని అటూ ఇటూ జరపకండి" అంది.

నాన్న పెద్దత్తకు కార్డు రాశాడు. ద్వాదశికి రమ్మని మాత్రం రాశాడు, ఎందుకో రాయలేదు.

ద్వాదశి నాడు ఎండ మామూలుగా లేదు. కుళాయి నీళ్ళు అరగంట ముందే ఆగిపోయాయి, కాకా ఇంటి నుంచి నాలుగు బిందెలు మోసుకున్నాం. భోక్తలు ఇద్దరు ఛత్రినాక నుంచి ఆటోలో వచ్చారు. అమ్మ తెల్లవారక ముందే తలస్నానం చేసి మడికట్టుకుంది. అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. పిండం పెట్టి, భోక్తలు తిని, దక్షిణ పుచ్చుకుని వెళ్ళారు. ఆ తర్వాత మా విస్తళ్ళు వేశారు. నాన్న, పెద్దత్త, నేను కూర్చున్నాం. అమ్మ వడ్డిస్తోంది.

పెద్దత్త పొద్దుటి నుంచి ఓపిక పట్టి ఉంది. గారె తుంచుకుంటూ, ఇన్నేళ్ళ తర్వాత తిథి ఎందుకు మార్చావురా అని అడిగింది. సైన్యం నుంచి కాగితం వచ్చిందని, ద్వాదశి అని తేలిందని నాన్న చెప్పాడు. పెద్దత్త తినడం ఆపి లెక్క వేసింది. ఆవిడకు వేళ్ళు కూడా అక్కర్లేదు, ఆ రోజు గుమ్మంలో హారతి పట్టిన మనిషి.

"మన అమ్మ చెబితే ఎవరూ వినలేదు. సరిగ్గా అడుగుపెట్టిన వేళే" అంది.

అమ్మ పెద్దత్త విస్తట్లో పప్పు వేస్తోంది. గరిటె ఆగలేదు. నేను నాన్నను చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. పప్పు కలుపుకుంటాడా, లేదా అని. 

నాన్న చెయ్యి విస్తట్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అక్కా, వాడు తుపాకీ గుండు తగిలి చచ్చిపోయాడు. అదే రోజు ఇది నా వెనకాల నడుచుకుంటూ మనింటికి వచ్చింది. దానికీ దీనికీ ఏమీ సంబంధం లేదు. అమ్మ ఉన్నప్పుడే నేను ఈ మాట అనాల్సింది. అనలేదు, అది నా తప్పు. ఇంక ఈ ఇంట్లో ఆ మాట వద్దు."

 అది మామూలుగా ఆయన పాఠం చెప్పే గొంతు కాదు. పెద్దత్త మొహం ఎర్రబడింది. తద్దినం పూట నన్ను విస్తరి ముందు ఇంత మాట అంటావా అంది. లేవబోయింది, కానీ తద్దినం భోజనం మధ్యలో లేవకూడదని ఆవిడకే గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. కాసేపటికి తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. తర్వాత ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. మనసు మారిందని నేను అనుకోను, కానీ అనలేదు.

పెరుగు వడ్డించే వేళ దాటినా అమ్మ రాలేదు. నేను మధ్యలో లేవకూడదు గాని లేచాను. వంటింట్లో పొయ్యికి ఎదురుగా, పెరుగు గిన్నె పక్కన పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుస్తోంది. పైకి వినపడకుండా కాదు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. నా ముప్పై ఏళ్ళలో అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాన్న మాటకో, పెద్దత్త మాటకో అనుకుని, పక్కన కూర్చుని, ఇంక అయిపోయింది కదమ్మా అన్నాను.

దానికి కాదే, అని తల అడ్డంగా ఊపింది. 

"పెళ్ళిచూపులకు ఆ అబ్బాయి వచ్చాడు. సెలవు మీద ఉన్నాడు. అందరూ పాట వచ్చా, వంట వచ్చా అని అడుగుతున్నారు, నేను చాప మీద గంట నుంచీ కూర్చుని ఉన్నాను. ఆ అబ్బాయి ఒక్కడే, పాపం వదినకు కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, కాస్త లేవనివ్వండి, అన్నాడు. ఇంకా ఏమీ కుదరలేదు, అప్పుడే వదిన అన్నాడు. నన్ను వదిన అన్న మొదటి మనిషి. అంత మంచి పిల్లవాడు పోతే, ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఇన్నేళ్ళూ ఏడవలేదే నేను."